గుమ్మంలో ఆగిన మనిషి

పోయిన వారం ముల్లును విమానం మెట్ల చివర వదిలి వచ్చాం. వెనక జనం తోసుకొస్తున్నారు, ముందు గుమ్మం నోరు తెరుచుకుని ఉంది. ఎక్కుతుందో, మెట్లు దిగి పారిపోతుందో ఆమెకే తెలియలేదు. చివరికి ఎక్కింది. కళ్ళు మూసుకుని, చన్నీళ్ళలో దిగేవాళ్ళలా ఊపిరి బిగబట్టి మరీ ఎక్కింది.

ముల్లు అన్నది అసలు పేరు కాదు. త్రాసులు, కాటాలు బాగుచేసే ఇంట్లో పుట్టిన పిల్ల. నడక నేర్చే రోజుల్లో ఎక్కడ నిలబెట్టినా అటూ ఇటూ ఊగి చివరికి నిటారుగా నిలబడేదని, తండ్రి త్రాసు ముల్లుతో పోల్చి అలా పిలిచాడు. తండ్రి పోయాక దుకాణం అన్నాచెల్లెళ్ళిద్దరి చేతికీ వచ్చింది. పేరు మాత్రం ఆమె ఒక్కదానికే మిగిలింది.

మూడు నెలల కిందట ఆ ఇద్దరూ పనిమీద వెళ్ళి తిరిగొస్తుండగా విమానం దిగుతూ దిగుతూ అదుపు తప్పి గడ్డిలోకి దూసుకుపోయింది. వెనక భాగం అంటుకుంది. వెనక తలుపులు తీసే వీలు లేక అందరూ ముందు తలుపు నుంచే జారుడుబల్ల మీదుగా దిగవలసి వచ్చింది. ఆ తలుపు దగ్గర జనం ఆగిపోయారు. ఆ ఆగడంలోనే చివరి వరసలో కూర్చున్న ఒక లెక్కల మాస్టారి ఊపిరితిత్తుల నిండా పొగ పట్టింది. ఆయన ఇప్పటికీ ఆసుపత్రిలో గొట్టాల మధ్య ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఎయిర్‌హోస్టెస్‌కు కాలు విరిగింది. జనాన్ని వేళకు దించలేకపోయిందని తప్పంతా ఆ పిల్ల నెత్తినే రుద్దారు. ఈ మధ్యాహ్నం ఆఖరి విచారణ. ఆమె తరఫున ఎవరూ నోరు విప్పకపోతే ఉద్యోగం ఊడినట్టే.

ముల్లు విప్పదలచుకుంది. ఎందుకంటే ఆమె కళ్ళారా చూసింది. పొగ కమ్మిన ఆ ఇరుకు దారిలో, అందరూ ఒకరి వీపు ఒకరు తోసుకుంటున్న వేళ, తన సొంత అన్న చేతులెత్తి పైనున్న సామాను అర తెరిచి తూకపురాళ్ళ సంచి దించుకున్నాడు.

ఆ రాళ్ళ సంగతి ఆ పని తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. ఊళ్ళో కాటాలన్నీ వాటితోనే సరిచూస్తారు. వట్టి చేత్తో ముట్టుకోరు, చెమట అంటితే బరువు మారుతుందని. పట్టకారుతోనో, మెత్తటి తోలు గుడ్డతోనో ఎత్తుతారు. ఒక్క పూట కంటికి దూరమైనా ఇక వాటిని నమ్మరు, మళ్ళీ తీసుకెళ్ళి సరిచూపించి ముద్ర వేయించుకోవలసిందే. "ఇల్లంటుకుంటే ముందు రాళ్ళు, తర్వాత పిల్లలు" అనేవాడు తండ్రి, సగం నవ్వుతూ. మిగతా సగం నవ్వేవాడు కాదు. అలా పెరిగిన చేతులు మంటల్లోనూ సంచి వైపే వెళ్ళాయి.

"నువ్వే చెప్పు, లేదా నేను చెబుతాను" అంది ముల్లు అన్నతో. అన్న చెప్పలేదు, ఆమెనూ చెప్పొద్దన్నాడు. పిరికివాడివి అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని పని చేస్తూ, పట్టకారు కావాలన్నా "వదినా, అది ఇటివ్వమను" అనేది. వదిన లోపలి నుంచి "నేనేమన్నా మీ ఇద్దరి మధ్య పోస్టుమాన్‌నా?" అని గిన్నెలు గట్టిగా పెట్టేది.

విచారణ జరిగే ఊరు సముద్రానికి అవతల. ఓడ రేపు గాని చేరదు. కాబట్టి విమానమే గతి.

తన వరస వెతుక్కుంటూ వెళ్ళిన ముల్లుకు, తన పక్క సీట్లో అన్న కూర్చుని కనిపించాడు.

"దాటుకుని లోపలికి వెళ్ళు" అన్నాడు, సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నవాడిలా.

ఆమె దాటి మధ్య సీట్లో కూర్చుంది. అటు కిటికీ పక్కన ఒక భారీ పెద్దాయన అప్పటికే నిద్రపోతున్నాడు. బెల్టు ఆయన పొట్ట మీద దారం కట్టినట్టుంది.

"నువ్వెందుకొచ్చావ్?"

"టికెట్టు దొరికింది, వచ్చాను."

"నా నోరు మూయించడానికా?"

"నీ నోరు మూయించే మనిషి ఇంకా పుట్టలేదే. మీ వదిన రోజూ అనే మాటే అది."

ముల్లు నవ్వలేదు. "నేను చెప్పేది చెప్పే తీరతాను. నీ ఎదురుగానే చెబుతాను."

"సరే."

"నిజంగానే చెబుతాను."

"సరే అన్నానుగా. బెల్టు పెట్టుకో."

ఎయిర్‌హోస్టెస్ ముందు నిలబడి తలుపులెక్కడున్నాయో చేతులు చాచి చూపించింది. ఎవరి ఫోన్లో వాళ్ళున్నారు. విమానం మొత్తంలో ముల్లు ఒక్కతే, పరీక్ష రాయబోయే పిల్లలా, కళ్ళార్పకుండా చూసింది. తమ వరస నుంచి తలుపు దాకా ఒక్కో సీటు తలనూ చూపుతోనే తడుముకుంటూ వెళ్ళి వచ్చింది. పొగలో కళ్ళు కనపడకపోయినా చేతులు దారి చూపించాలి మరి.

విమానం పరుగందుకుని నేలను వదిలినప్పుడు ఆమెకు వినిపించింది ఇంజను మోత కాదు, తన దవడలో పళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. చెమట పట్టిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని తనకు తానే చెప్పుకుంది. వణికితే వణుకు, పరవాలేదు. విచారణ గది దాకా చేరితే చాలు. నోరు వణక్కపోతే చాలు.

కొంతసేపు బాగానే సాగింది. బండి మీద మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ముల్లు కప్పు రెండు చేతులతో పట్టుకుని గుక్క వేయబోతోంది.

బావిలో బొక్కెన తాడు తెగినట్టు విమానం ఒక్కసారిగా కిందికి జారింది.

కప్పులో నీళ్ళు కప్పును వదిలి పైకి లేచాయి. ఆ నీళ్ళు గాలిలో కదలకుండా నిలిచిన క్షణం ఆమెకు స్పష్టంగా కనిపించింది. తర్వాత అవి ఆమె ముఖానా, పెద్దాయన ముఖానా పడ్డాయి. వెనక ఎవరో కెవ్వుమన్నారు. ఒక పసిపిల్ల ఏడుపు మొదలై మధ్యలో తెగిపోయి మళ్ళీ మొదలైంది. నీళ్ళ బండి దానంతట అది దారిలో దొర్లిపోతుంటే ఎయిర్‌హోస్టెస్ దాని వెంట పరిగెత్తి పట్టుకుంది.

పెద్దాయన ముఖం తుడుచుకుంటూ లేచాడు. "ఊరొచ్చిందా?"

"రాలేదు, పడుకోండి" అన్నాడు అన్న.

ఆయన నిజంగానే పడుకున్నాడు.

విమానం మళ్ళీ జారింది. ఈసారి కుదుపు పక్కవాటుగా, సంతకు పోయే బండి చక్రం గుంటలో పడినట్టు. దీపాలు ఆరి వెలిగాయి. ముల్లు తన చేయి ఎక్కడుందో తనకే తెలియలేదు. అన్న "అబ్బా" అంటే చూసుకుంది. అతని మణికట్టును పట్టుకుని ఉంది. గోళ్ళు చర్మంలోకి దిగి ఉన్నాయి. వదలాలనుకుంది. చేయి వినలేదు.

అన్న లాగలేదు, విదిలించలేదు. రెండో చేత్తో ఆమె చిటికెన వేలు చివర పట్టుకుని మెల్లగా వెనక్కి వంచాడు. అది లేచింది. తర్వాత దాని పక్క వేలు. అదీ లేచింది. మిగిలినవి వాటంతటవే వదులయ్యాయి.

అన్న చేతులు ఎలా కదులుతాయో ముల్లుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బిగుసుకుపోయిన మర తిప్పాలంటే అతను ముందు చుట్టూ నూనె వేస్తాడు, ఒక పాట సగం పాడతాడు, అప్పుడు తిప్పుతాడు. ఇది అతని పద్ధతి కాదు. ఎవరి దగ్గరో చూసి పట్టుకున్న పద్ధతి.

"ఇదెక్కడ నేర్చుకున్నావ్?"

"ఏది?"

"వేళ్ళు ఇలా తీయడం."

"ఆ అమ్మాయి ఇలాగే తీసింది. చిటికెన వేలు లేస్తే చాలు, మిగతావన్నీ..."

అతను ఆగిపోయాడు. చెప్పిన మాట వెనక్కి మింగడానికి చూసినట్టు గొంతు కదిలింది.

"ఏ అమ్మాయి?"

"ఎవరో. విమానం కుదురుకోనీ, తర్వాత..."

"ఎవరి వేళ్ళు తీసింది, అన్నయ్యా?"

చాలా రోజుల తర్వాత ఆమె అతన్ని అలా పిలిచింది. అతను ముందు సీటు వెనక భాగం వైపు చూస్తూ కూర్చున్నాడు. విమానం అడుగున ఏదో గరగరమంది.

"నీ వేళ్ళే" అన్నాడు.

ముల్లు తన వేళ్ళ వైపు చూసుకుంది.

"సంచి దించాను. అబద్ధమేం కాదు. అర తెరిచాను, అందుకున్నాను, భుజాన వేసుకున్నాను. నువ్వు వెనక్కి తిరిగి చూసి నా మీద అరిచావు. వెనకాయన బూతు ఎత్తుకుని సగం కూడా తిట్టక ముందే కదిలాను. నువ్వు నా ముందే నడిచావు. గుమ్మం దాకా బాగానే నడిచావు. గుమ్మం దగ్గర కిందికి చూశావు."

"చూసి?"

"రెండు చేతులతో గుమ్మాన్ని రెండు వైపులా పట్టుకున్నావు. ఆ అమ్మాయి దూకు దూకు అని అరిచింది. తోసింది. తోస్తే కదిలే మనిషివా నువ్వు? బస్తాల కాటాలు ఒంటిచేత్తో జరిపే మనిషివి. నేను లాగితే నా ముంజేయి కొరికావు." చొక్కా చేయి కొంచెం పైకి లాగి, పాలిపోయిన గుర్తు చూపించి, మళ్ళీ దించేశాడు. "కుక్క కరిచిందని మీ వదినకు చెప్పాను. ఏ కుక్కో తేల్చాలని వీధి వీధంతా తిరిగొచ్చింది పాపం."

ఇంకో రోజు ఇంకోచోట అయితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

"తర్వాత?"

"ఆ అమ్మాయి నీ కుడిచేయి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. ఎడమచేయి మొదలుపెట్టేసరికి వెనకున్న జనం అంతా ఒక్కసారి మీద పడ్డారు. నువ్వూ నేనూ కిందికి జారాం. ఆమె కాలు గుమ్మంలో నలిగింది."

"ఎంతసేపు పట్టుకున్నాను?"

"నాకేం తెలుసు? గడియారం చూస్తూ కూర్చున్నానా?"

"అన్నయ్యా."

"సంచికి పట్టినదానికన్నా ఎక్కువ" అన్నాడు. మళ్ళీ తనే, "చాలా ఎక్కువ" అన్నాడు.

సంచి, తన అరుపు, ఆ వెంటనే చల్లటి గడ్డి. ముల్లు జ్ఞాపకం ఇన్నాళ్ళూ అతుకు కనపడకుండా అలా కుట్టుకుని ఉంది. ఇప్పుడు దారం ఒకచోట తెగింది. మొదట చల్లటి ఇనుము అరచేతికి తగిలింది. తర్వాత కింద ఏటవాలుగా, గాలికి రెపరెపలాడుతున్న జారుడుబల్ల, దాని చివర ఏమీ లేని చీకటి కనిపించాయి. ఎవరో "అమ్మా, వదలమ్మా, వెనక మనుషులున్నారమ్మా" అని చెవి దగ్గర బతిమాలుతున్నారు. ఆ గొంతు ఎంత మర్యాదగా ఉందో కూడా గుర్తొచ్చింది. ఇంకేదీ ఆమెను అంతగా కోయలేదు.

"ఆమె ఎందుకు చెప్పలేదు?"

"ఆసుపత్రికి వెళ్ళి అదే అడిగాను. భయపడ్డ మనిషిని వేలెత్తి చూపించడం నా ఉద్యోగం కాదండీ, దించడం నా ఉద్యోగం అంది."

"మరి నువ్వు?"

"నేను సంచి అని నోరెత్తితే, సంచి తర్వాత ఏం జరిగిందని అడుగుతారు. అందుకే అసలు ఎత్తలేదు."

"నిన్ను పిరికివాడన్నాను."

"అన్నావు. కాటాలు తెచ్చినవాళ్ళ ముందు కూడా అన్నావు."

"అన్ని మాటలు ఎలా పడ్డావురా అన్నయ్యా?"

"పడ్డాను. దానికేముంది."

ముల్లు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ వాటితోపాటే కోపం కూడా వచ్చింది, ముందు నోటికొచ్చినది కోపమే.

"నన్ను కాపాడానని అనుకుంటున్నావు కదూ? ఒక పళ్ళెంలో నన్ను పెట్టి, ఇంకో పళ్ళెంలో ఆ అమ్మాయిని పెట్టి, ఎవరూ చూడకుండా నా వైపు వేలితో నొక్కావు. ఆ పని చేసే కొట్టువాళ్ళ కాటా మన నాన్న ముట్టుకునేవాడా?"

అన్న తల దించుకున్నాడు. విమానం ఇంకోసారి ఊగింది, ఇద్దరూ పట్టించుకోలేదు.

"సరే, తప్పే" అన్నాడు చివరికి. "ఇప్పుడు సరిచేసుకుందాం. నువ్వు ఏం చెప్పడానికి బయల్దేరావో అదే చెప్పు. సంచి సంగతి. నేను లేచి అవునంటాను. ఆలస్యం ప్యాసింజర్ వల్ల జరిగింది, ఆ అమ్మాయి వల్ల కాదు అని తేలితే చాలు, ఆమె ఉద్యోగం నిలుస్తుంది. అబద్ధం ఆడినట్టూ కాదు. అందుకే వచ్చాను నేను."

ఆ మాట ఎంత తీయగా ఉందో ముల్లుకు తెలిసింది. ఉదయం ఇంట్లో నుంచి బయల్దేరేటప్పుడు ఏ వాక్యాలు మనసులో కూర్చుకుందో అవే చాలు. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అన్న ఒప్పుకుంటాడు, పిల్ల బయటపడుతుంది, అందరూ ఎంత ధర్మం గల చెల్లెలు అంటారు.

"తక్కువ తూకమూ తూకమే అంటావు."

"మాస్టారింటివాళ్ళు కూడా వస్తారే అక్కడికి. ఆయన ఆ గొట్టాలు లేకుండా ఊపిరి తీస్తాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. వాళ్ళ ముఖాలు చూసి చెప్పగలవా? నన్ను తిట్టనీ. నాకు అలవాటైంది, మొన్నటి దాకా నువ్వే అలవాటు చేశావు."

"అలవాటు మానుకో" అంది ముల్లు.

విమానం దిగడం మొదలుపెట్టింది. కిటికీలో నేల పైకి లేస్తోంది. ఇళ్ళ కప్పులు, వాటి మీద ఆరేసిన బట్టలు, తర్వాత గడ్డి. ఆ గడ్డి చూడగానే ఆమె కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకుంది. చక్రాలు నేలను తాకి ఒకసారి ఎగిరి మళ్ళీ తాకాయి. విమానం అంతా వణికింది. ముల్లు చేతులు ఒకదానిలో ఒకటి బిగించుకుని ఒళ్ళో పెట్టుకుంది. వణికే విమానంలో వణికే చేతులను చూస్తూ, ఇవి నావే, ఏం చేసినా నావే అనుకుంది. వేగం తగ్గింది. ఆగింది.

పెద్దాయన ఆవులించి, "సుఖంగా వచ్చాం కదా" అన్నాడు.

దిగేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె కాలు ఒక్క క్షణం ఆగింది. బయట ఎండ, మామూలు మెట్లు. అయినా వీపు మీద చెమట చల్లబడింది. వెనక అన్న ఊపిరి వినిపిస్తోంది. అతను తోయలేదు. ముల్లు గుమ్మాన్ని ముట్టుకోకుండా, తన కాళ్ళతో తానే దాటింది.

విచారణ జరిగే చోట పొడుగాటి వరండా, గోడ వెంట బల్లలు. ఒక చివర ఆ ఎయిర్‌హోస్టెస్ చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చుని ఉంది. యూనిఫాం లేదు. ఆ బట్టల్లో ఇంకా చిన్నదిగా ఉంది. ముల్లును చూడగానే గుర్తుపట్టింది. ఒక్క చూపుకే గుర్తుపట్టిందంటే ఇన్నాళ్ళూ మరవలేదన్నమాట. తల అడ్డంగా, చాలా కొద్దిగా, వద్దు అన్నట్టు ఊపింది.

ముల్లు ఆమె దగ్గరికి వెళ్ళబోయింది. మధ్యలో ఒకామె లేచి ఎదురొచ్చింది. నడివయసు, ఆసుపత్రిలో రాత్రుళ్ళు గడిపినవాళ్ళ కళ్ళు, చంకలో మందుల వాసన వేసే గుడ్డ సంచి.

"మీరేనటగా, త్రాసుల దుకాణం అమ్మాయి? చూసింది చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చారని లోపల చెప్పుకుంటున్నారు. నేను మాస్టారి కూతుర్ని." గొంతు గట్టిగానే ఉంది, కింది పెదవి మాత్రం నిలవడం లేదు. "మీకు పుణ్యముంటుంది తల్లీ. ఇన్నాళ్ళుగా ఒక్కళ్ళూ నోరు తెరవలేదు. మా నాన్న నోట గొట్టం పెట్టుకుని, నా చేతిలో వేలితో అదే రాస్తున్నారు. ఎందుకు ఆగారు, ఎందుకు ఆగారు అని. లెక్క తేలకపోతే నిద్రపట్టని మనిషి. లోపల వాళ్ళకు చెప్పే ముందు నాకు చెప్పండి. ఆ తలుపు దగ్గర అడ్డం నిలబడ్డది ఎవరు?"

అన్న ముందుకొచ్చాడు. "అమ్మా, అది నేను... నా దగ్గర ఒక సంచి..."

ముల్లు అతని మాటకు అడ్డుపడింది. "ఆయన సంచి దించింది నిజమే. జనం ఆగింది దానికి కాదు." ఒక్కసారి ఊపిరి తీసుకుంది. పొగ లేని, ఖరీదు తెలిసిన ఊపిరి. "దూకడానికి భయపడి గుమ్మం పట్టుకుని వదలని మనిషి ఒకరున్నారు. ఈ అమ్మాయి కాలు విరగ్గొట్టుకున్నది ఆ మనిషిని దించబోయే. ఆ మనిషిని నేనే."

మాస్టారి కూతురు ఒక అడుగు వెనక్కి వేసింది. ముల్లు ముఖాన్ని, తర్వాత ఆమె చేతులను చూసింది. వరండా అవతలి చివర ఎయిర్‌హోస్టెస్ కర్ర ఊతంతో సగం లేచి అలాగే ఆగిపోయింది.

విచారణ గది తలుపు తెరుచుకుంది. గుమాస్తా తల బయటపెట్టి, త్రాసుల దుకాణం వాళ్ళు రావాలని పిలిచాడు.

ముల్లు కదిలే లోపే మాస్టారి కూతురు గిరుక్కున వెనక్కి తిరిగింది. గుమాస్తాను పక్కకు జరిపి, ఆ మాట తనే ముందు చెప్పాలన్నట్టు లోపలికి వెళ్ళింది. వెళ్ళి, వెనక తలుపు మూసి గడియ పెట్టుకుంది.